కాలువ అవతలి ఫోన్లు

మా పెద్దమ్మ ఉద్యోగం కావాలని ఎవరినీ అడగలేదు. తగవు పెట్టుకోవడానికి వెళ్లి ఉద్యోగంతో తిరిగొచ్చింది.

అప్పటికి ఆవిడకు పెళ్లయి ఎక్కువ కాలం కాలేదు. మా వీధిలో నీళ్ల గొట్టాల కోసమని గొయ్యి తవ్వి, పూడ్చకుండా వదిలేశారు. పెదనాన్న లేతు మిషన్ల షెడ్డులో పని ముగించుకుని సైకిలు మీద వస్తూ అందులో పడ్డాడు. మోచెయ్యి విరిగింది. కట్టు కట్టించుకుని ఇంట్లో కూర్చున్న మనిషి నోరు ఊరుకుంటుందా? "ఆ మెంబరుని పట్టుకొచ్చి ఈ గోతిలో కూర్చోబెట్టాలి" అని పొద్దస్తమానం సణిగేవాడు. వినీ వినీ విసిగిపోయి పెద్దమ్మ గొడుగు తీసుకుని బయల్దేరింది.

శాసనసభ్యుడు ఎవరైనా సరే, మావాళ్లకు మెంబరుగారే. ఆయన ఆఫీసు బజారువీధి చివర, చెప్పుల కొట్టు పైన ఉండేది. ఒకరు దిగుతుంటే మరొకరు గోడకు అతుక్కుని నిలబడాల్సినంత ఇరుకు మెట్లు. పైన ఒక హాలు, గోడ వారగా బెంచీలు, హాలు వెనక మెంబరుగారి గది. పెద్దమ్మ వెళ్లేసరికి బెంచీల నిండా జనం. బల్ల మీద నల్ల ఫోను మోగుతోంది. ఎత్తే నాథుడు లేడు. ఆగుతుంది, మళ్లీ మోగుతుంది. అందరూ దాని వంకే చూస్తున్నారు, ఎవరూ కదలరు. గుక్కపట్టి ఏడుస్తున్న పసిపిల్లను అందరూ కలిసి చోద్యం చూస్తున్నట్టు అనిపించిందట ఆవిడకు. లేచి వెళ్లి ఎత్తింది.

అవతల ఎవరో ఆడమనిషి మంచి ఊపులో ఉంది. "ఏవండీ, మా వీధిలో గొయ్యి తవ్వి ఎన్నాళ్లయింది? మనుషులనుకున్నారా, పందికొక్కులనుకున్నారా మమ్మల్ని?"

"అదే నేనూ అడగడానికొచ్చానమ్మా. మీది వీధికి ఏ చివర?" అంది పెద్దమ్మ.

ఇద్దరూ ఒకరి గోడు ఒకరు చెప్పుకున్నారు. అవతలావిడ కోపం చల్లారి, కాసేపయ్యాక పెదనాన్న మోచేతికి ఏ నూనె రాయాలో కూడా చెప్పింది. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే, గది గుమ్మంలో మెంబరుగారు నిలబడి ఉన్నారు.

"ఎవరమ్మా ఫోన్లో?"

"గోతి తాలూకు మనిషండీ."

"మరి నువ్వు?"

"నేనూ గోతి తాలూకేనండీ."

ఆయన పగలబడి నవ్వారు. గొయ్యి ఆ వారంలోనే పూడింది. ఫోను దగ్గర కూర్చునే మనిషి మానేసి వెళ్లిపోయాడనీ, శాసనసభ జీతమిచ్చే ఉద్యోగమేననీ, రేపటి నుంచి రమ్మనీ ఆయన అంటే, పెద్దమ్మ ఇంటికొచ్చి పెదనాన్నకు చెప్పింది. "గోతిలో పడింది నేనూ, ఉద్యోగం నీకా?" అన్నాడు పెదనాన్న. ఆ మాట మా ఇంట్లో ఎన్నేళ్లయినా పాతబడలేదు.

ఆ మొదటి మెంబరుగారు అంతకుముందు బడిలో లెక్కలు చెప్పేవారు. ఊరంతా మేష్టారనే పిలిచేది. సభలో ఆయన పెద్దగా మాట్లాడినట్టు ఎవరికీ గుర్తు లేదు. వినడం మాత్రం ఆయన దగ్గరే చూడాలి. సాయంత్రం పూట పెద్దమ్మను కూర్చోబెట్టి ఆ రోజు వచ్చిన ఫోన్ల గురించి అడిగేవారు. "ఏం అడిగారో తరవాత. ఏ గొంతుతో అడిగారు, అది చెప్పు ముందు" అనేవారు. పెద్దమ్మ ఆ గొంతుల్ని అచ్చం దింపేసేది. కోపంగా ఉన్నవాళ్లు కొంచెం ఆగగలరు, భయపడుతున్నవాళ్ల ఇంటికి ముందు వెళ్లాలి అన్నది ఆయన పద్ధతి. అలా వెళ్లి, ఇల్లు కూలేలా ఉందని వణికిపోతున్న ఒక ముసలమ్మను పక్కవీధిలోకి మార్పించిన వారానికే నిజంగానే ఆ ఇంటి గోడ పడింది.

పెద్దమ్మ పొరపాట్లు కూడా తక్కువేం కాదు. ఒకసారి రాజధాని నుంచి ఫోనొచ్చింది. "నేను నీటి శాఖ మంత్రిని" అన్నాడాయన. నీళ్ల ఫిర్యాదులతో పొద్దుటి నుంచి తల వాచిపోయి ఉన్న పెద్దమ్మ, "సరేనండీ, వీధి పేరు చెప్పండి" అంది. ఆయన మళ్లీ చెప్పాడు. "అలాగేనండీ, ఎవరైనా వీధి చెబితేనే కదండీ మేం మనిషిని పంపేది" అంది. మేష్టారు ఈ కథ సభలో పదిమందికి చెప్పుకుని నవ్వారట. అప్పటి నుంచి ఆవిడ పేరు ఫోనక్క. ఆవిడ కంటే పెద్దవాళ్లు కూడా ఫోనక్కనే పిలిచేవారు.

మూడోసారి గెలిచాక మేష్టారికి వినికిడి తగ్గింది. అంతగా వినడం తెలిసిన మనిషికి అలా జరగడం ఏం న్యాయమో. ఒక బహిరంగ సభలో ఎవరో ఆసుపత్రి గురించి అడిగితే ఆయన వీధి దీపాల గురించి జవాబు చెప్పారు. జనం గొల్లున నవ్వారు. ఎదుటి పార్టీ వాళ్లు ఆ సంగతిని వీధి వీధికీ మోసుకెళ్లారు. ఓడిపోయిన మర్నాడు ఆఫీసుకొచ్చి తన కళ్లజోడూ పుస్తకాలూ సంచిలో పెట్టుకుంటూ, పెద్దమ్మ కూడా సొరుగు ఖాళీ చేస్తుంటే చూసి, గట్టిగా అన్నారు. వినపడని వాళ్లు గట్టిగానే మాట్లాడతారు కదా. "నిన్నెవరోడించారు? కూర్చో. అదుగో మోగుతున్నట్టుంది, ఎత్తు!" అప్పుడు ఫోను మోగడం లేదు. అయినా పెద్దమ్మ ఎత్తి చెవికి పెట్టుకుంది, ఆయన మెట్లు దిగి వెళ్లేదాకా.

తరవాత గెలిచినాయనకు సిమెంటు గోదాములుండేవి. భారీ మనిషి, భారీ గొంతు. ఎవరే పని అడిగినా "అయిపోయిందనుకో!" అని భుజం తట్టేవాడు. దాంతో ఆయన పేరే అయిపోయిందనుకో అయింది. పెద్దమ్మను తీసేస్తాడనుకున్నారు. ఆయన వచ్చీ రాగానే, "నేను మాటిచ్చేస్తుంటాను. తరవాత తిట్లు తినడానికి నీలాంటి ఓపికున్న మనిషి కావాలి" అన్నాడు. ఉన్నమాట దాచుకోకపోవడం ఆయనలో ఒక సుగుణం. ఇంకొకటి, ఎవరింట్లో చావు జరిగినా వచ్చి, మాట్లాడకుండా గంటల తరబడి కూర్చునేవాడు. ఆయన మౌనంగా ఉండేది అక్కడొక్కచోటే.

ఒక పని మాత్రం నిజంగా అయిపోయింది. మా ఊరి మధ్యగా పెద్ద కాలువ పారుతుంది. ఇవతలి గట్టున బజారువీధి, బడి, ఆసుపత్రి. అవతలి గట్టు పల్లం. షెడ్లలో పనిచేసేవాళ్లు, అద్దె ఇళ్లవాళ్లు, మేము. ఒకే ఇంట్లో ముందు గదుల్లో పెద్దమ్మా వాళ్లూ వెనక గదిలో అమ్మా నేనూ ఉండేవాళ్లం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. కాలువ దాటాలంటే పాత చెక్క వంతెన దాకా చుట్టు తిరిగి వెళ్లాలి. అయిపోయిందనుకో గారు మంత్రుల చుట్టూ తిరిగి, అలిగి, ఒకసారి సభ మెట్ల మీద బైఠాయించి, ఇనుప వంతెన వేయించాడు. వంతెన తెరిచిన రోజు ఆయన కళ్లు తుడుచుకోవడం నేను దగ్గరుండి చూశాను. పెదనాన్న కూడా చప్పట్లు కొట్టాడు, ఇంటికొచ్చాక కొట్టలేదన్నాడు.

ఆ చేత్తోనే ఇంకో పనీ జరిగింది. నియోజకవర్గాల గీతలు కొత్తగా గీశారు. అవతలి గట్టు ఎప్పుడూ ఆయన పార్టీకి ఓటెయ్యలేదు. వంతెన వేయించినా వెయ్యలేదు. గీత సరిగ్గా కాలువ వెంబడే వచ్చింది. మా గట్టును కోసి, ఎక్కడో కొండల దాకా సాగిన పక్క నియోజకవర్గానికి తోకలా తగిలించారు.

పెద్దమ్మ అడగకుండా ఉండలేకపోయింది. "వంతెన వేసి కలిపిందీ మీరే, ఇదేమిటండీ ఇప్పుడు?"

"నాదేముందమ్మా, పైవాళ్లు గీశారు" అన్నాడాయన. ఆవిడ మొహం చూడలేదు. "నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. ఇవతలి మెంబరు దగ్గర అవతలి మనిషి పనిచేయకూడదని ఎక్కడా లేదు."

"నా ఉద్యోగం గురించి కాదండీ."

"తెలుసులే" అని లోపలికి వెళ్లిపోయాడు.

అంత చేసీ ఆయన తరవాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. గెలిచింది పిల్లల డాక్టరు. బజారువీధిలో సగంమంది పిల్లలు ఆవిడ చేతి మీదుగా పెరిగినవాళ్లే. డాక్టరమ్మ నవ్వేది తక్కువ. ఎదుటివాళ్లు చెప్పేది సగంలో ఉండగానే రోగం కనిపెట్టేసినట్టు తలాడించేది. వచ్చిన మొదటి రోజే హాల్లో బెంచీలు తీయించి కుర్చీలు వేయించింది. పొద్దున క్లినిక్కు, మధ్యాహ్నం ఆఫీసు, సమావేశాలప్పుడు రాజధాని.

అప్పుడు మొదలైంది అసలు చిక్కు. మా గట్టువాళ్లు ఏ కష్టమొచ్చినా పెద్దమ్మకే ఫోను చేసేవారు. ఆవిడ ముందు రూలు ప్రకారమే, "ఇప్పుడు మీ మెంబరు కొండమీదాయనమ్మా, ఆయన ఆఫీసుకు చెయ్యండి" అనేది. "చేశాం ఫోనక్కా, అక్కడెవరూ ఎత్తరు" అనేవాళ్లు. ఆ మాటతో ఆవిడ రూలు కరిగిపోయేది. ఒకరికి కరెంటాఫీసు, మరొకరికి ఆసుపత్రి, తనకు తెలిసిన మనుషులకు చెప్పి చేయించేది. మెంబరుగారి ఆఫీసు నుంచి అనగానే అవతలివాళ్లు ఏ గట్టని అడుగుతారా?

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ లోపలి గదిలోంచి అంతా వింది. ఆ సంగతి పెద్దమ్మ ఆ సాయంత్రమే మాకు చెప్పింది, డాక్టరమ్మ గొంతు దింపుతూ.

"ఇప్పుడు చేసింది అవతలి గట్టు వాళ్లే కదూ?"

"అవునండీ."

"నా నంబరు మీద, నా పేరు మీద?"

"పాపం ఎవరూ ఎత్తడం లేదటండీ..."

"మీరెత్తుతున్నంత కాలం వాళ్లెందుకెత్తుతారు?" అందట డాక్టరమ్మ. "మీరు దయ చూపిస్తున్నాననుకుంటున్నారు. వాళ్ల మెంబరెవరో వాళ్లు మరిచిపోతున్నారు. ఆయన్ని నిలదీయాల్సినవాళ్లు మీకు దండం పెట్టుకుని ఊరుకుంటున్నారు. జ్వరం తగ్గే మందిస్తే చాలదండీ, జ్వరమెందుకొచ్చిందో చూడాలి. ఇక మీదట వద్దు."

ఇదంతా చెప్పి పెద్దమ్మ, "ఆవిడన్నది తప్పంటావా?" అని పెదనాన్నను అడిగింది. "తప్పు కాదు. కానీ రేపు మన గొట్టం పగిలితే మాత్రం నువ్వే ఫోనెత్తు" అన్నాడాయన.

తరవాత కొన్నాళ్లు ఆవిడ మాట నిలబెట్టుకుంది. ఒక సెలవురోజు మా గట్టువాళ్లను కొందరిని వెంటబెట్టుకుని, రెండు బస్సులు మారి, కొండమీదాయన ఆఫీసుకు కూడా వెళ్లింది. నేనూ వెళ్లాను. తలుపుకు తాళం. కిటికీలోంచి చూస్తే లోపల బల్ల మీద ఫోను ఉంది, దాని మీద దుమ్ము ఉంది. పక్కింటాయన అన్నాడు, "ఎన్నికలప్పుడు తెరుస్తారండీ." మాతో వచ్చిన బస్సు కండక్టరమ్మ, మా వీధి చివరావిడ, ఆ తాళాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని చూసింది.

ఆ ఏడే వరదొచ్చింది.

నాలుగు రోజులుగా ముసురు. ఐదో రోజు పొద్దున్న డాక్టరమ్మ రాజధానిలో సభలో ఉంది. ఆఫీసులో ఇద్దరు గుమాస్తాలు, పెద్దమ్మ. పై ఆనకట్ట ఇంజనీరు ఫోను చేశాడు. మధ్యాహ్నానికి గేట్లు ఎత్తక తప్పదు, కాలువ గట్లు నిలవవు, రెండు వైపులా పల్లంలో ఉన్నవాళ్లను తీసెయ్యండి అన్నాడు. "అవతలి మెంబరు ఆఫీసుకు చేస్తూనే ఉన్నానమ్మా. ఎవరూ ఎత్తడం లేదు. మీరైనా ఎలాగో చెప్పించండి."

పెద్దమ్మ రాజధానికి చేసింది. సభ నడుస్తోంది, కబురు లోపలికి పంపుతాం అన్నారు. పంపారో లేదో, డాక్టరమ్మ మాత్రం లైన్లోకి రాలేదు. ఇంతలో బస్సు డిపో మేనేజరు చేశాడు. బజారువీధి పల్లపు ఇళ్లవాళ్లను బడికి చేర్చడానికి మూడు బస్సులు సిద్ధంగా ఉన్నాయి, అన్నీ ఇవతలి గట్టుకే కదా అని అడిగాడు.

ఆవిడ కిటికీ దగ్గరకెళ్లి చూసింది. అక్కడి నుంచి వంతెన కనిపిస్తుంది. నీళ్లు వంతెన అడుగు దూలాలకు జానెడు కిందుగా పోతున్నాయి. దూలాలకు తగిలితే వంతెన మూసేస్తారు. మూస్తే బస్సులకు అవతలికి వేరే దారి లేదు, పాత చెక్క వంతెన వాటిని మొయ్యలేదు. అవతలివి ఒంటి అంతస్తు రేకుల ఇళ్లు. ఇవతల బజారువీధిలో మేడలున్నాయి, ఎక్కడానికి మెట్లైనా ఉన్నాయి.

"ముందు అవతలికి పంపండి. అక్కడివాళ్లందరినీ తెచ్చాక ఇవతలివాళ్లను ఎక్కించుకోండి" అంది.

మేనేజరు అన్నాడు, "అవతలిది మనది కాదు కదమ్మా. డాక్టరుగారు చెప్పారా?"

"చెప్పారు" అంది పెద్దమ్మ.

మా వీధిలోకి బస్సు వచ్చినప్పుడు కండక్టరమ్మే దాని మెట్టు దిగి ఇంటింటి తలుపులు బాదుతూ అందరినీ బయటికి రప్పించింది. పెదనాన్న పనిముట్ల పెట్టె లేకుండా కదలనన్నాడు. అమ్మ ఆయన్ని చొక్కా పట్టి లాక్కొచ్చింది. బస్సులు రెండేసి సార్లు తిరిగాయి. చివరి బస్సు దాటిన కాసేపటికి వంతెన మూసేశారు. సాయంత్రానికి మా గట్టు మీద రేకులు తప్ప ఏమీ కనిపించలేదు. ఒక్క ప్రాణం పోలేదు.

కానీ బస్సులు ఇవతలికి తిరిగేసరికి బజారువీధిలో నడుం లోతు నీళ్లొచ్చేశాయి. జనం మేడల మీదికి ఎక్కారు. ఎక్కలేని ఒక ముసలావిణ్ణి కొడుకులు తలుపు ఊడదీసి దాని మీద మోసుకెళ్లారు. నీళ్లలో నాని ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు చేసి నెలల తరబడి మంచం పట్టింది. బట్టలు కుట్టే మేస్త్రీ ఒకాయన దుకాణంలో ఊరివాళ్లిచ్చిన బట్టంతా, మిషన్లతో సహా బురదపాలైంది. బస్సొస్తుందన్నారని ఆయన చివరిదాకా మూట కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడట. రాదని తెలిసుంటే అంతా మేడ మీదికి చేర్చుకునేవాణ్ణి కదా అని ఏడ్చాడు.

బస్సులు ముందు ఎటు వెళ్లాయో రెండో రోజుకే అందరికీ తెలిసిపోయింది. ఫోనక్క ఇల్లు ఏ గట్టునో ఊళ్లో తెలియనిదెవరికి? "తనవాళ్లను తెచ్చుకోవడానికి మన బస్సులు పంపింది" అన్నారు. బడిలో మేమంతా చాపల మీద పడుకుని ఉంటే, ఆ మాట మా చెవిన పడేలాగే అన్నారు. ఆ తరవాత ఒకసారి అది నిజమేనా అని నేను పెద్దమ్మను అడిగితే, "వంతెన చూశాను, నీళ్లు చూశాను. మీరు గుర్తు రాలేదంటే అబద్ధమవుతుంది. మీరు గుర్తొచ్చారు కాబట్టే పంపానంటే, అదీ నిజమో కాదో నాకే తెలియదే" అంది.

డాక్టరమ్మ వచ్చిన రోజు బడి ఆవరణలో సభ పెట్టారు. బజారువీధి అంతా వచ్చింది. ఎవరు పంపమన్నారు బస్సులు అవతలికి అని ఒకటే అరుపులు. పెద్దమ్మ వెనక గోడ దగ్గర నిలబడి ఉంది. ఆవిడ ముందుకు రెండడుగులు వేయడం నేను చూశాను. డాక్టరమ్మ కూడా చూసింది.

"నేనే పంపమన్నాను" అంది డాక్టరమ్మ. "తిట్టాల్సింది నన్ను."

ఇక తిట్టారు. ఆవిడ అంతా నిలబడి విని, తరవాత చాపల మధ్య తిరుగుతూ పిల్లల జ్వరాలు చూసుకుంది. జనం పలచబడ్డాక పెద్దమ్మ ఆవిడ దగ్గరకెళ్లింది.

"ఎందుకండీ అలా చెప్పారు?"

"నా పేరు చెప్పి పంపారు కదా. నా పేరు మీద జరిగింది నేనే మోయాలి" అంది డాక్టరమ్మ, ఒక పిల్ల నోట్లోంచి థర్మామీటరు తీసి చూస్తూ. "ఇంకెప్పుడూ మాత్రం నా పేరుతో అబద్ధమాడకండి."

"మీరుంటే ఏం చేసేవారండీ?"

డాక్టరమ్మ థర్మామీటరు విదిల్చి డబ్బాలో పెట్టింది. "తెలియదు. నాకు ఓటేసింది బజారువీధి. మీరు చేసిందే చేసేదాన్నని చెప్పుకోవాలనుంది. కానీ తెలియదు."

ఎన్నికలు దగ్గరపడేసరికి గాలి ఎటు వీస్తోందో అందరికీ తెలిసిపోయింది. పెద్దమ్మ ఒక ఆదివారం పొద్దున్నే గొడుగు తీసుకుని బజారువీధి మొదటి ఇంటి నుంచి బయల్దేరింది. తలుపు తట్టడం, "బస్సులు పంపింది డాక్టరమ్మ కాదండీ, నేను. ఆవిడకసలు తెలియదు" అని చెప్పడం. నిజం చెబితే డాక్టరమ్మ నిలబడుతుందనుకుంది. ఎవరూ నమ్మలేదు. "ఓట్ల కోసం ఆవిడే నిన్ను పంపించిందా ఇలా చెప్పమని?" అన్నారు. ఒకాయనైతే, "ఎంత మంచి మనసమ్మా నీది, అమ్మగారి తప్పు నెత్తినేసుకుంటున్నావు" అని మెచ్చుకున్నాడు. ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అబద్ధం ఒక్క మాటతో పనిచేసింది, నిజానికి వీధంతా తిరిగినా గుమ్మం దొరకలేదు.

మేస్త్రీ ఒక్కడే నమ్మాడు. అరువు తెచ్చుకున్న మిషను మీద కుడుతున్నవాడు కాలు ఆపి, ఆవిడ వంక చూశాడు.

"నువ్వేనని నాకు అప్పుడే తెలుసక్కా. డాక్టరమ్మ అయితే బస్సు ఆలస్యమని ఎవరిచేతైనా చెప్పించేది. నీకు తోచలేదు."

పెద్దమ్మ అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయింది. నిజమే. మేనేజరుకు చెప్పింది కానీ, ఎదురుచూస్తున్న బజారువీధికి ఒక్క ఫోను చేయించి ఉంటే, మూటలు మేడలెక్కేవి. ఆ గంటలో ఆవిడ ఆలోచనంతా అవతలే ఉంది.

"తోచలేదు తమ్ముడూ" అంది.

"సర్లే. మంచినీళ్లు తాగుతావా?" అన్నాడు. ఇచ్చాడు. ఓటు మాత్రం ఎవరికేస్తాడో చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

డాక్టరమ్మ ఓడిపోయింది. గెలిచిన కుర్రాయన ఆఫీసును అద్దాల భవనంలోకి మార్చాడు. ఫోను చేస్తే ఎవరూ ఎత్తక్కర్లేకుండా, నీళ్లకైతే ఒకటి నొక్కండి, రోడ్లకైతే రెండు నొక్కండి అని గొంతు పలికేలా పెట్టించాడు. పెద్దమ్మను మర్యాదగానే పంపించాడు, శాలువా కప్పి ఫొటో కూడా తీయించాడు. ఆవిడ ఆ ఫొటో ఇంటికి తేలేదు. తిన్నగా డాక్టరమ్మ క్లినిక్కుకు వెళ్లింది, క్షమించమని అడగడానికి. అక్కడ పిల్లలు, తల్లులు, ఏడుపులు. "కూర్చోండి, ఈ పాపను చూసి వస్తాను" అంది డాక్టరమ్మ. పెద్దమ్మ ఒక మూల కూర్చుంది. పిల్లలందరూ అయ్యేసరికి చీకటి పడింది. ఆవిడ నోరు తెరవబోతే డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ మాట వద్దు. సీటు పోయిందని నాకు బాధ లేదని చెప్పను, ఉంది. పోయింది బస్సుల వల్లే అని కూడా అనుకోను. నాకు జనంతో నవ్వుతూ మాట్లాడటం రాదు, అదీ ఉంది." చేతులు కడుక్కుంటూ అంది, "మా కాంపౌండరు ఫోనెత్తితే తల్లులు భయపడుతున్నారు. వారానికి నాలుగు రోజులు రాగలరా?"

పెద్దమ్మ మోకాళ్లు మొరాయించేదాకా అక్కడే పనిచేసింది. వాళ్లిద్దరూ స్నేహితులయ్యారని అనలేను. డాక్టరమ్మ చివరిదాకా ఆవిణ్ణి మీరు అనే పిలిచింది. కానీ మధ్యాహ్నం పూట క్లినిక్కు ఖాళీ అయ్యాక ఇద్దరూ ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకుని తినేవారు, నియోజకవర్గంలో ఏ వీధి ఎలా ఉందో మాట్లాడుకుంటూ. గీతకు అటూ ఇటూ కూడా.

మా గట్టు సంగతి చెప్పాలి. ఆ ఎన్నికల్లోనే కొండమీదాయన మీద కండక్టరమ్మ నిలబడింది. పార్టీ లేదు, జెండా లేదు. డ్యూటీకి సెలవు పెట్టి కొండల్లోని పల్లెలన్నీ తిరిగింది. ఆ తాళం సంగతి, వరద రోజు మోగి మోగి ఆగిపోయిన ఫోను సంగతి చెప్పింది. కొండల్లోవాళ్లకూ ఆ ఆఫీసు తలుపు తెరిచి ఉండగా చూసిన గుర్తు లేదట. మా గట్టు మొత్తం కట్టకట్టుకుని ఆవిడకు వేసింది. అయినా ఆసారి ఆవిడ ఓడిపోయింది, స్వల్పంగా. ఆ భయానికి కొండమీదాయన వంతెన దగ్గర ఒక గది తీసుకుని, రోజూ తెరిపించడం మొదలుపెట్టాడు. తరవాతిసారి కండక్టరమ్మ గెలిచింది. గది అదే ఉంచింది, కుర్చీలు మార్చింది.

పెద్దమ్మను వచ్చి ఫోను దగ్గర కూర్చోమని అడిగింది కూడా. "నేను రానే. నేను కూర్చుంటే మళ్లీ అందరూ నాతోనే చెప్పుకుంటారు. నీతో చెప్పుకోవాలి" అంది పెద్దమ్మ. ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పలేదు.

మొన్న మా వీధిలో దీపాలు పోయాయి. పెదనాన్న కర్ర పట్టుకుని వంతెన దగ్గరి గదికి స్వయంగా వెళ్లి, మెంబరమ్మ ఎదురుగా కూర్చుని, గంటసేపు పోట్లాడి వచ్చాడు. దీపాలింకా రాలేదు. రేపు మళ్లీ వెళ్తానంటున్నాడు.